జోసెఫోవ్: ప్రాగ్ నగరంలోని యూదుల పేట

చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో, వల్తావా నది కుడి ఒడ్డున, పాత పట్టణ కూడలికి ఉత్తరంగా ఆనుకుని ఉన్న చిన్న పేట జోసెఫోవ్. 13వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం నడుమ వరకు ప్రాగ్ యూదులు ఎక్కువమంది ఇక్కడే నివసించారు. ఆరు సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), యూదుల పురభవనం, పాత శ్మశానం, దాని పక్కనున్న అంత్యక్రియల సంఘ భవనం నేటికీ నిలిచి ఉన్నాయి. ఈ కట్టడాలన్నీ కాలినడకన అరగంటలో చుట్టి రాగలిగినంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. లోపలికి వెళ్ళి చూడాలంటే మాత్రం పూట చాలదు.

తొలి శతాబ్దాలు

ప్రాగ్‌లో యూదు వర్తకులు ఉన్నారని తొలిసారి రాసినవాడు స్పెయిన్‌లోని తొర్తోసా నుంచి వచ్చిన యూదు యాత్రికుడు ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్. 965 ప్రాంతంలో ఈ నగరాన్ని చూసి, రాతితో, సున్నంతో కట్టిన ఊరని, వర్తకంలో సంపన్నమైనదని వర్ణించాడు. 1096లో మొదటి క్రూసేడు దండ్లు ఇక్కడి యూదులపై దాడి చేశాయి. 1254లో రాజు రెండవ ప్షెమిస్ల్ ఒతకార్ ఇచ్చిన శాసనం వారి ప్రాణాలకు, ఆస్తులకు రాజరక్షణ కల్పించింది. 1270 ప్రాంతంలో పాత-కొత్త సినగాగును కట్టారు. యూరప్‌లో నేటికీ ప్రార్థనలు జరుగుతున్న సినగాగుల్లో ఇదే అతి పురాతనమైనది. 1389 ఈస్టర్ రోజుల్లో అల్లరిమూకలు పేటమీద పడి వందలాదిమందిని చంపాయి. బతికి బయటపడిన రబ్బీ (యూదు మతగురువు) అవిగ్దోర్ కారా ఆ ఘోరంపై హీబ్రూలో శోకగీతం రచించాడు. 1439లో మరణించిన కారా సమాధి రాయే పాత శ్మశానంలో నేడు కనిపించే రాళ్ళలో అన్నిటికంటే పాతది.

15వ శతాబ్దంలో చెప్పుకోదగ్గది ఈ శ్మశానమే. 1512 నుంచి ప్రాగ్‌లో హీబ్రూ అచ్చుపని మొదలైంది. గెర్షోమ్ కొహెన్ కుటుంబం 1526లో అచ్చువేసిన బొమ్మల హగ్గదా, అంటే పాస్కా పండుగ రాత్రి ఇంట్లో చదువుకునే పుస్తకం, ముద్రణ చరిత్రలోనే మేలైన కృతుల్లో ఒకటి. 1535లో హోరోవిట్జ్ కుటుంబం పింకాస్ సినగాగును కట్టించింది. 1541లో రాజు మొదటి ఫెర్డినాండ్ యూదులను వెళ్ళగొట్టాలని ఆజ్ఞాపించాడు. కొందరు వెళ్ళి, తిరిగి వచ్చారు.

రుడాల్ఫ్ కాలం

చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ 1583లో ఆస్థానాన్ని వియన్నా నుంచి ప్రాగ్‌కు మార్చాడు. ఆ తరువాతి మూడు దశాబ్దాలు ఈ పేటకు స్వర్ణకాలం. నేడు యాత్రికులు చూసేదాంట్లో చాలా భాగం ఆ తరం చలవే, అందులోనూ ముఖ్యంగా ఒక్క మనిషి చలవే. అతను మొర్దెకై మైసెల్ (1528–1601). రాజాస్థానానికి అప్పులిచ్చిన ఈ వర్తకుడు తన డబ్బును పేట బాగు కోసం ఖర్చుపెట్టాడు. బురద వీధులకు రాళ్ళు పరిపించాడు, పురభవనాన్ని, దాని పక్కనే 1568లో ఎత్తు సినగాగును కట్టించాడు. 1591లో సొంత సినగాగు కట్టుకునేందుకు చక్రవర్తి అనుమతి పొంది మరుసటి సంవత్సరమే ప్రారంభించాడు. ఇరవై స్తంభాల ఆ మందిరం అప్పట్లో పేటలో అన్నిటికంటే పెద్దది, అందమైనది. మైసెల్‌కు సంతానం లేదు. ఆస్తిని ఇష్టం వచ్చినట్టు రాసిచ్చుకోవచ్చని రుడాల్ఫ్ స్వయంగా హక్కుపత్రం ఇచ్చినా, మైసెల్ చనిపోగానే ప్రభుత్వం ఆ ఆస్తిని స్వాధీనం చేసుకుంది. ఇంత చేసిన మనిషి పట్ల జరిగిన ఈ అన్యాయాన్ని ప్రాగ్ యూదులు తరతరాలు చెప్పుకున్నారు.

అదే కాలంలో మహారల్‌గా పేరుపొందిన రబ్బీ యూదా లోవ్ బెన్ బెసలేల్ ఇక్కడ బోధించాడు. పిల్లలకు వయసుకు మించిన పాఠాలు చెప్పరాదని, తేలికైన దానినుంచి కష్టమైన దానికి క్రమంగా తీసుకెళ్ళాలని వాదించిన పండితుడాయన. 1592లో రుడాల్ఫ్ ఆయనను కోటకు పిలిపించి ముఖాముఖి మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో బయటికి రాలేదు. పేటను కాపాడటానికి ఆయన మట్టితో గోలెం అనే బొమ్మను చేసి ప్రాణం పోశాడన్న కథ ఈనాడు ఆయన పేరుతో విడదీయరాకుండా కలిసిపోయింది. ఆయన జీవించి ఉన్నప్పుడు గానీ, 1609లో మరణించాక చాలాకాలం వరకు గానీ ఎవరూ ఈ కథ రాయలేదు. 19వ శతాబ్దంలో అచ్చుకెక్కి, 1915లో గుస్తావ్ మైరింక్ నవలతో ప్రపంచానికి తెలిసింది. మహారల్ రాసిన గ్రంథాలు చూస్తే, ఆ కథ లేకున్నా ఆయన పేరు నిలిచి ఉండేదనిపిస్తుంది.

రుడాల్ఫ్‌తో మహారల్ భేటీని చరిత్రకెక్కించినవాడు దావీద్ గాన్స్ (1541–1613). 1592లోనే అచ్చయిన తన కాలచరిత్ర ‘త్సెమాహ్ దావీద్’లో యూదుల చరిత్రను, లోకచరిత్రను రెండు భాగాలుగా రాశాడు. ఖగోళశాస్త్రమంటే అతనికి ప్రాణం. ఖగోళవేత్త టైకో బ్రాహే వేధశాలకు వెళ్ళి పరిశీలనలు కళ్ళారా చూశాడు, కెప్లర్‌తోనూ పరిచయం సంపాదించాడు. ఇంటిపేరుకు గుర్తుగా అతని సమాధి రాయిపై ఒక పెద్దబాతు చెక్కి ఉంటుంది.

శ్మశానం

పాత శ్మశానం విస్తీర్ణం చిన్నది. చుట్టూ ఇళ్ళుండటంతో పెంచడానికి స్థలం లేదు, పాత సమాధులను కదిలించడానికి మతం ఒప్పుకోదు. అందువల్ల పాత సమాధుల మీదే మట్టి పోసి కొత్తవారిని పూడ్చారు. కొన్నిచోట్ల పన్నెండు పొరల వరకు ఉన్నాయి. కింది పొరల రాళ్ళను కూడా పైకి తెచ్చి నిలబెట్టడంతో సుమారు 12 వేల రాళ్ళు ఒకదానినొకటి ఆనుకుని, ఒరిగి, నేలలో కూరుకుపోయి కనిపిస్తాయి. నగరం లోపల ఖననాలను నిషేధించడంతో 1787లో ఈ శ్మశానం వాడకం ఆగింది.

రాళ్ళను దగ్గరగా చూస్తే మనిషి వంశం, వృత్తి, పేరు తెలుస్తాయి. ఆశీర్వదించే రెండు చేతులుంటే కొహెన్ అనే పూజారి వంశం, నీళ్ళ కూజా ఉంటే లేవీ వంశం, కత్తెర ఉంటే దర్జీ. మహారల్ సమాధికి సింహం చెక్కారు, ఎందుకంటే లోవ్ అన్న పేరుకు సింహమని అర్థం. ఆ సమాధి మీద భక్తులు గులకరాళ్ళు పెడతారు, కోరికలు రాసిన కాగితపు చీటీలను పగుళ్ళలో దోపుతారు.

17, 18 శతాబ్దాలు

1648లో స్వీడన్ సేనల ముట్టడిలో ప్రాగ్‌ను కాపాడటానికి యూదులు కూడా పోరాడారు. కృతజ్ఞతగా చక్రవర్తి మూడవ ఫెర్డినాండ్ వారి జెండాపై స్వీడన్ సైనికుడి టోపీ గుర్తు ఉండేందుకు అనుమతించాడు. 1689 అగ్నిప్రమాదంలో 318 ఇళ్ళు, 11 సినగాగులు కాలిపోయాయి. మైసెల్ సినగాగు కూడా దెబ్బతింది. కాలిన మరో చోట 1694లో క్లౌసెన్ సినగాగు వెలిసింది. 1727లో వచ్చిన చట్టం ఒక్కో యూదు కుటుంబంలో ఒక్క కొడుకే పెళ్ళి చేసుకోవచ్చని శాసించింది. చెక్ ప్రాంతమైన బొహీమియా అంతటికీ 8,541 కుటుంబాల పరిమితి పెట్టింది. 1744 చలికాలంలో రాణి మరియా థెరీసా యూదులందరినీ ప్రాగ్ విడిచి వెళ్ళమంది. 1748లో పన్నులు గుంజుకుని తిరిగి రానిచ్చింది. పురభవనం మీది రెండో గడియారం 18వ శతాబ్దం నాటిది. దాని అంకెలు హీబ్రూ అక్షరాలు, ముళ్ళు ఎదురుదిశలో తిరుగుతాయి. 1781లో చక్రవర్తి రెండవ జోసెఫ్ సహన శాసనం ఎన్నో ఆంక్షలను సడలించింది. పేటకు ఇప్పుడున్న పేరు ఆయనదే, 1850లో నగరంలో ఐదో విభాగంగా కలిపినప్పుడు వచ్చింది. 1868లో స్పానిష్ సినగాగు కట్టారు. దాని లోపలి గోడలు, పైకప్పు అంతా మూరిష్ శైలి బంగారు అల్లికే.

కూల్చివేత

పేట బయట నివసించే హక్కు రాగానే కలిగినవారు పేట వదిలి మంచి వీధులకు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి అన్ని మతాల పేదలూ చేరారు. జనం కిక్కిరిసి, మురుగునీటికి దారిలేక రోగాలు ప్రబలాయి. 1893లో పారిశుధ్యం పేరిట చట్టం తెచ్చి, 1896 నుంచి పేటను కూల్చడం మొదలుపెట్టారు. రచయిత విలేమ్ మ్ర్శ్తిక్ 1897లో ‘బెస్తియా త్రియుంఫాన్స్’ అనే కరపత్రంలో ఈ పనిని ఘాటుగా నిరసించాడు. అయినా మొదటి ప్రపంచయుద్ధం నాటికి పాత వీధులన్నీ పోయాయి, మూడు సినగాగులు కూడా పోయాయి. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1896లో బార్ మిత్స్వా (పదమూడేళ్ళ యూదు బాలుడికి జరిపే మతవేడుక) జరుపుకున్న జిగోయ్‌నర్ సినగాగు వాటిలో ఒకటి. వాటి స్థానంలో పారిస్ తరహాలో వెడల్పాటి వీధి, ఎత్తైన భవనాలు లేచాయి. ఇప్పుడు దాని పేరే పారిస్ వీధి, పక్కల ఖరీదైన అంగళ్ళు. పాత పేట ఎలా ఉండేదో చూడాలంటే ఆంతోనీన్ లాంగ్‌వైల్ 1826 నుంచి 1837 వరకు కాగితపు అట్టతో చేసిన నగర నమూనాలో చూడాలి. ప్రాగ్ నగర మ్యూజియంలో అది భద్రంగా ఉంది.

మ్యూజియం, యుద్ధం

కూల్చిన సినగాగుల సామగ్రిని కాపాడటానికి 1906లో సలోమోన్ హుగో లీబెన్, ఆగుస్తీన్ స్టైన్ యూదు మ్యూజియం స్థాపించారు. 1939 మార్చిలో నాజీలు ప్రాగ్‌ను ఆక్రమించారు. 1942లో ఈ మ్యూజియాన్ని కేంద్ర యూదు మ్యూజియంగా మార్చి, బొహీమియా, మొరావియాల్లో నాశనమైన 153 సమాజాల వస్తువులను అక్కడికి చేర్చారు. వాటిని వరుసగా నమోదు చేసింది యూదు ఉద్యోగులే. వారిలో చాలామందిని చివరికి నిర్బంధ శిబిరాలకు తరలించి చంపారు. బతికిన హానా వోలావ్కోవా యుద్ధానంతరం మ్యూజియం బాధ్యత తీసుకుంది.

పింకాస్ సినగాగు గోడల మీద 1950ల్లో నాజీల చేతిలో హతులైన సుమారు 78 వేల మంది పేర్లను ఊరి వారీగా చేత్తో రాశారు. 1968లో సినగాగును మూసివేశారు, తేమ పట్టి పేర్లు పాడయ్యాయి. ప్రజాస్వామ్యం వచ్చాక, 1992 నుంచి 1996 వరకు, మళ్ళీ మొత్తం రాశారు. పై అంతస్తులో, నాజీల తెరెజీన్ గెట్టోలో చిత్రకారిణి ఫ్రీడెల్ డికర్-బ్రాండైస్ దగ్గర పిల్లలు నేర్చుకుని గీసిన బొమ్మలున్నాయి. కమ్యూనిస్టుల కాలంలో ప్రభుత్వ ఆస్తిగా ఉన్న మ్యూజియం 1994లో యూదు సమాజం చేతికి తిరిగి వచ్చింది.

నడక దారి

యాత్రికులు సాధారణంగా మైసెల్ వీధిలోని మైసెల్ సినగాగు దగ్గర మొదలుపెడతారు. షిరోకా వీధి వైపు పింకాస్‌లోకి ప్రవేశించి, శ్మశానం గుండా నడిచి, క్లౌసెన్ పక్కకు బయటపడతారు. అక్కడి నుంచి పురభవనం, పాత-కొత్త సినగాగు అడుగుల దూరం. చుట్టూ వీధి మట్టం పెరగడంతో పాత-కొత్త సినగాగులోకి మెట్లు దిగి వెళ్ళాలి. పైకప్పు కింద, స్వీడన్ టోపీ గుర్తున్న ఆ ఎర్ర జెండా వేలాడుతుంటుంది. తూర్పున కొంచెం దూరంలో స్పానిష్ సినగాగు, దాని పక్కన యారోస్లావ్ రోనా 2003లో చేసిన కాఫ్కా కాంస్య విగ్రహం ఉన్నాయి. పాత-కొత్త సినగాగులో మగవారు తల కప్పుకోవాలి. శనివారాల్లో, యూదుల పండుగ రోజుల్లో మ్యూజియానికి సెలవు.