మిశ్రసంతతి: జగ్గయ్యపేట, నందిగామ సీమ

భిన్నజాతులకును మతములకును జెందిన తల్లిదండ్రులకు జన్మించి, ఉభయుల భాషాచారముల నడుమ బెరుగువారు మిశ్రసంతతి యనబడుదురు. కృష్ణామండలపు మెట్టసీమలోని జగ్గయ్యపేట, పూర్వము బేతవోలు, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర వెలయించిన పట్టణము. దానికి బడమట 1948 వఱకు నైజాము రాజ్యముండెను. నందిగామ మీదుగా హైదరాబాదు నుండి బందరునకు రహదారి పోవును. ఆ దారి రెండుకొసలను స్పృశించిన కుటుంబకథ యొకటి యిచట విశేషముగా బేర్కొనదగినది.

హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్కునకు ఖైరున్నిసా బేగమువలన గలిగిన సాహెబ్ ఆలం (1801), సాహెబ్ బేగం (1802) అను శిశువులు జనానాలో మహమ్మదీయ నామములతో బెరిగి, 1805లో నింగ్లండునకు బంపబడి, మఱుచటి యేట లండనులో జ్ఞానస్నానము పొంది విలియం జార్జి, కేథరిన్ అరోరా లైరి. పయనమునకు ముందు జార్జి చిన్నరీ మదరాసులో వ్రాసిన వారి చిత్తరువున నింకను మొగలాయి దుస్తులే కానవచ్చును. తండ్రి 1805లోనే కలకత్తాలో మరణించెను. తల్లి కొంతకాలము బందరులో బ్రవాసముండి, తుదకు హైదరాబాదు చేరి, బిడ్డలను మరల జూడకయే 1813లో గన్నుమూసెను. బిడ్డల శ్రేయస్సు పేర జరిగినను ఆ వియోగము క్రూరమే. కిట్టీ యనబరగిన కేథరిన్, 1840 ప్రాంతమున అమ్మమ్మ షరఫున్నిసాతో లేఖాసంబంధమును బునరుద్ధరించుకొని, 1889లో మృతినొందెను.

స్వతంత్ర భారత రాజ్యాంగము 366(2) అధికరణమున నిట్టి మిశ్రసంతతివారగు ఆంగ్లో ఇండియనులను నిర్వచించుచు బితృవంశమునే గణించినది. శాసనసభలలో వారి నామినేటెడ్ స్థానములు 2020 జనవరితో ముగిసెను.