రైనోవైరస్
రైనోవైరస్ మనుష్యులకు జలుబు కలిగించే వైరస్‌లలో ముఖ్యమైనది. ఇది పికోర్నావిరిడే కుటుంబానికి చెందినది. దీని జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. ఇందులో ఎ, బి, సి అను మూడు జాతులు, 160కి పైగా రకాలు ఉన్నాయి.

కణప్రవేశం
ఎ, బి జాతులలోని అధికభాగం రకాలు ముక్కు లోపలి కణాలపై గల ఐకామ్-1 అనే ప్రోటీనుకు అతుక్కుంటాయి. సి జాతి వైరస్‌లు సి.డి.హెచ్.ఆర్.3 అనే ప్రోటీనును ఆశ్రయిస్తాయని 2015లో కనుగొన్నారు. కణం వైరస్‌ను చిన్న తిత్తిలో చుట్టి లోనికి తీసుకుంటుంది. అక్కడ కవచం విడిపోయి ఆర్.ఎన్.ఏ. కణద్రవ్యంలోకి చేరుతుంది. కణంలోని రైబోజోములు దానిని అనుసరించి వైరస్ ప్రోటీన్లను తయారుచేస్తాయి. ముక్కులోని చల్లదనం (సుమారు 33 డిగ్రీల సెల్సియస్) ఈ వృద్ధికి అనుకూలం.

లక్షణాలు, చికిత్స
ముక్కు కారడం, గొంతునొప్పి వంటివి చాలావరకు శరీర రక్షణవ్యవస్థ ప్రతిచర్య వలన కలుగుతాయి. ఉబ్బసం ఉన్నవారిలో ఆయాసం తీవ్రం కావచ్చు. యాంటీబయాటిక్ మందులు వైరస్‌లపై పనిచేయవు కనుక సాధారణ జలుబుకు వాటివలన ప్రయోజనం లేదు.