సాక్ష్యం మూటకూ ఒక చరిత్ర ఉంది

అత్యాచారం కేసులో బాధితురాలి మాట నమ్మదగినదైతే అదొక్కటే శిక్షకు చాలునని చట్టం అంటుంది. కానీ ఆదివాసీ స్త్రీ మాటను నమ్మడానికి ఈ దేశం ఎంత వెనుకాడిందో మన చరిత్రే చెబుతుంది. అందుకే ఆమె బట్టలు, డాక్టరు తీసిన నమూనాలు, వాటి మీద వేసిన లక్క సీలు కూడా ఆమె పక్షాన నిలబడాలి. చిన్నకోడూరులో గానీ, పాడేరు కొండల్లో గానీ, ఠాణాలో కేసు రాసుకున్నాక ఆ మూట ఎటు పోతుందో మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల మనం ఏం పోగొట్టుకున్నామో చూద్దాం.

1972 మార్చి 26 రాత్రి, మన పొరుగున మహారాష్ట్రలోని దేశాయిగంజ్ ఠాణాలోనే ఒక ఆదివాసీ బాలిక మీద అత్యాచారం జరిగిందని కేసు నమోదైంది. వైద్య పరీక్ష జరిగింది మర్నాడు రాత్రి. ఆమె బట్టల మీద మరకలను ప్రభుత్వ రసాయన పరీక్షకుడు గుర్తించాడు. అయినా ఒంటి మీద గాయాలు లేవంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. దేశమంతా నిరసన లేచింది. 1983లో చట్టం మారింది. అంటే అక్కడ సాక్ష్యం దొరికినా దాన్ని చదివిన కళ్లు మనవైపు లేవు.

2006 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణ, ఫిర్యాదు అందిన 24 గంటల్లో బాధితురాలిని డాక్టరు దగ్గరికి పంపాలని పోలీసులను ఆదేశించింది. మరుసటి ఏడాది, 2007 ఆగస్టు 20న, విశాఖ మన్యంలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. దర్యాప్తు చేయాల్సిందీ పోలీసులే, నిందితులూ పోలీసులే. నిందితులను గుర్తుపట్టే పరేడ్ కూడా జరగలేదు. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు తిరిగి, 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో ముగిసింది. నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు అధికారులు సరిగా పనిచేయలేదని కోర్టే చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు ఆ తల్లులు తమ మాట మీద నిలబడ్డారు. నిలబడనిది దర్యాప్తు.

మరి మూట ఎలా నిలబడుతుంది? తడి బట్టను నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మకు పాడైపోతుంది. ఒక్కో వస్తువు విడిగా కట్టి, సీలు వేసి, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాయాలి. ఠాణా సొత్తు గదిలో వారాలు పడేయకుండా ప్రయోగశాలకు పంపాలి. నడుమ ఒక్క సంతకం లేకపోయినా, "ఇది ఆమె బట్టేనని ఏమిటి నమ్మకం?" అని అవతలి వకీలు అడుగుతాడు.

2025 జూలై 15న తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. డీఎన్ఏ నమూనాలు చేతులు మారిన తీరు సరిగా లేదని, ఉరిశిక్ష పడ్డ మనిషిని విడుదల చేసింది. ఇకపై నమూనాలు 48 గంటల్లో ప్రయోగశాలకు చేరాలని, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలని ఆదేశించింది. మూట పాడైతే బాధితురాలికి న్యాయం దొరకదు, తప్పు చేయని పేదవాడు కూడా ఉరికంబం దాకా పోవచ్చు. రెండు వైపులా మనవాళ్లే ఉంటారు.

కాబట్టి మేము కోరేది ఇది. ఉపాధ్యాయులు ఈ చరిత్రను పెద్ద తరగతుల పిల్లలకు చెప్పాలి. యువకులు బాధిత కుటుంబానికి తోడు పోవాలి. స్నానం చేయకముందే, బట్టలు ఉతకకముందే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైనా సరే, పోవడం మానొద్దు. ఏ ఆసుపత్రయినా ఉచితంగా చికిత్స చేయాలి. ఏ ఠాణా అయినా ఫిర్యాదు రాసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆ తర్వాత మర్యాదగానే అడగండి: "సార్, మూట ఏ తారీఖున ల్యాబుకు పోయింది?"

వాకపల్లి తల్లుల కోసం ఆ ప్రశ్న మనం అడగలేదు. ఇక ముందు అడుగుదాం.