ఓరుగల్లు ఎంబీఏకి ఒక కేస్ స్టడీ

మూడు నాలుగేళ్ళు ఉద్యోగం చేశాక మన సాఫ్ట్‌వేర్ జనాభాకి ఓ జబ్బు పట్టుకుంటుంది. దాని పేరు ఎంబీఏ. "ఈ మేనేజర్లు చేసేదేంటి, మనం చెయ్యలేనిదేంటి" అని అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మాది వరంగల్ కాబట్టి, ఈ చదువుకీ మా ఊరికీ ఉన్న సంబంధం ఏంటా అని కాస్త తవ్వి చూశా.

ముందు పెద్ద కథ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. నిజంగా జరిగిన వ్యాపార కథని ముందు పెట్టి "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగే కేస్ పద్ధతికి పేరు తెచ్చింది వాళ్ళే. 1961లో మన దేశంలో రెండు ఐఐఎంలు వచ్చాయి. కలకత్తాకి ఎంఐటీ, అహ్మదాబాద్‌కి హార్వర్డ్ సాయం చేశాయి. కేసులు కూడా అలాగే మన దాకా వచ్చాయి. నా స్నేహితుల ఎంబీఏ పుస్తకాలు తిరగేస్తే ఫోర్డ్ ఉంటాడు, జనరల్ మోటార్స్ ఉంటుంది. మా ఊరు మాత్రం కనపడదు.

కానీ ఐఐఎంల కంటే ముందే, 1956లో, హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పెట్టారు. ఉద్యోగాల్లో ఉన్న పెద్ద అధికారులకి మేనేజ్‌మెంట్ నేర్పే చోటు అది. దానికిచ్చిన భవనం బెల్లా విస్టా. ఒకప్పుడు బేరార్ యువరాజు, అంటే ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా, ఉన్న ఇల్లు.

ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? వరంగల్ వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. 1934లో నిజాం మా ఊళ్ళో పెట్టిన బట్టల మిల్లు ఆజంజాహీ మిల్స్. చుట్టూ పత్తి పండే నేలలు, పక్కనే కాజీపేట జంక్షన్, తరతరాలుగా నేత తెలిసిన జనం. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! వేలమంది ఇళ్ళలో దాని జీతంతోనే పొయ్యి వెలిగింది.

తర్వాత అది నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికొచ్చింది. దేశంలో మిల్లులన్నిటికీ పట్టిన గతే దీనికీ పట్టింది. పాత యంత్రాలు, చవగ్గా నేసే పవర్‌లూములు, పాలిస్టర్, ఏటేటా పేరుకునే నష్టాలు. 1990ల్లో ఆ కార్పొరేషన్ అనుబంధ సంస్థలు చాలావరకు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కాయి. చివరికి మా మిల్లూ మూతపడింది. భూములు అమ్ముడుపోయాయి. నేత తెలిసిన కుటుంబాలేమో భివండీలో, సూరత్‌లో బతుకు వెతుక్కున్నాయి.

ఇంకోపక్క 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ కామర్స్, బిజినెస్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది. రాష్ట్రమంతా రాసే ఐసెట్‌ని కూడా చాలా ఏళ్ళు ఆ విశ్వవిద్యాలయమే నిర్వహించింది. 1959 నాటి మన ఆర్ఈసీ 2002లో ఎన్ఐటీ అయ్యింది, అక్కడా ఎంబీఏ ఉంది. అంటే ఒకే ఊళ్ళో చదువు పెరిగింది, మిల్లు పోయింది.

ఎంబీఏ చదివినవాళ్ళు ఉంటే మిల్లు బతికేదని నేననను. యువరాజు ఇంట్లో మేనేజర్లని తయారుచేశారు, యువరాజు పేరున్న మిల్లు మూతపడింది అని వెక్కిరించడం తేలికే. కానీ అది న్యాయం కాదు. పాలిస్టర్ రావడం ఏ మేనేజరూ ఆపగలిగేది కాదు. నా బాధల్లా వేరు. మన దగ్గర సర్వర్ ఓ గంట పడిపోతేనే రూట్ కాజ్ ఏంటని పది పేజీలు రాస్తాం. ఊరికి ఊరే పడిపోతే ఆ మాత్రం రాయొద్దూ? యంత్రాలు ఎప్పుడు మార్చాల్సింది? ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? వరంగల్లోనా, ఢిల్లీలోనా? ఇంతకంటే మంచి కేసు హార్వర్డ్ పంపుతుందా?

ఇది పాత చరిత్రే కదా అనుకోకండి. 2017లో గీసుగొండ, సంగెం మండలాల దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్‌కి శంకుస్థాపన చేశారు. వలసపోయిన నేతగాళ్ళని వెనక్కి రప్పించాలన్నది అందులో ఒక ఆశ. అదే పత్తి, అదే రైలు, అదే ఊరు. మొదటి మిల్లు ఎందుకు పోయిందో లెక్క తేల్చకుండా రెండోసారి పందెం కాస్తున్నాం.

మిల్లులో పనిచేసిన తరం ఇప్పుడు ముసలితరం. వాళ్ళని అడిగి రాసుకోవాలంటే ఇప్పుడే రాసుకోవాలి. ఎంబీఏ ప్రాజెక్టు కోసం టాపిక్ వెతుక్కుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వింటున్నారా?