గోడకి చేరేసిన గోడ

మా పక్కవాటా వాళ్ళు ఫాల్స్ సీలింగు వేయిస్తున్నారు. మొన్న పొద్దున్నే తలుపు తీద్దును కదా, వరండా పొడుగునా జిప్సం బోర్డులు! గోడకి నిటారుగా చేరేసి ఉన్నాయి. వాటి ముందే బొమ్మలు పరుచుకుని వాళ్ళ మూడేళ్ళ మనవరాలు వంటలాట ఆడుతోంది.

"పిన్నిగారూ, పిల్లని లోపలికి పిలవండి" అన్నాను.

"అట్టలే కదమ్మా!" అని నవ్వేశారావిడ.

అట్టే. కాని ఆ అట్ట వెనకాల పెద్ద కథే ఉంది.

జిప్సం ఒక మెత్తటి రాయి. కాల్చి, పొడిచేసి, నీళ్ళు కలిపితే నిమిషాల్లో బిగుసుకుంటుంది. పారిస్‌లో మోంమార్త్ర్ గుట్టలో విరివిగా తవ్వేవారు కనక "ప్లాస్టర్ ఆఫ్ పారిస్" అయింది. 1666లో లండన్ నగరం తగలబడిపోయింది. ఆ భయంతో మరుసటి ఏడే ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ, చెక్క ఇళ్ళ గోడలకి ఈ పూత పూసి తీరాలన్నాడు. జిప్సం బరువులో అయిదోవంతు నీరే మరి! ఆ నీరంతా ఆవిరయ్యేదాకా మంట వేడి గోడ దాటి వెళ్ళలేదు.

పూత మంచిదే, ఓపికే కావాలి. సన్నని చెక్క పట్టీలు కొట్టాలి, పూత మీద పూత వెయ్యాలి, ఆరేదాకా వారాలు కాచుకోవాలి. 1894లో అమెరికాలో ఆగస్టీన్ సాకెట్ అనే ఆయన, బొబ్బట్టులో పూర్ణంలాగా కాగితాల పొరల మధ్య జిప్సం పెట్టి, ఆ పలకకి పేటెంటు పుచ్చుకున్నాడు. 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసింది. రెండో ప్రపంచయుద్ధంలో పనివాళ్ళు దొరక్క, ఈ పలకకి గిరాకీ బాగా పెరిగింది.

అలా వారాల పని రోజుల్లోకి వచ్చింది. కాని బరువు ఎక్కడికి పోతుంది? తట్టలకొద్దీ ఎక్కే సరుకు ఇప్పుడు తయారైన గోడగా ఒక్కసారే లారీ దిగుతుంది. ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు బోర్డు ఇరవై కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది. నలభై బోర్డులంటే ఎనిమిది వందల కిలోలు! ముందుది ఒరిగితే వెనకవి కూడా దాని మీద పడొచ్చు. అలా దొంతర మీద పడి పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు అమెరికాలో ఉన్నాయి.

పోనీ బాగా ఏటవాలుగా చేరేద్దామా అంటే బోర్డు వంగిపోతుంది. అందుకని చదునైన చోట, సమానమైన చెక్క దిమ్మల మీద పడుకోబెట్టాలి. అన్నీ ఒకేచోట పేర్చి స్లాబు మీద భారం మోపకూడదు. తడి తగలనివ్వకూడదు. మోసేటప్పుడు ఇద్దరు మనుషులు, బోర్డుని నిలువుగా అంచు మీద పట్టుకుని నడవాలి. గాలి వీస్తుంటే అది తెరచాపే!

ఇదంతా మేస్త్రీతో చెబితే, "నిజమేనమ్మా, పడుకోబెడితే చోటు చాలదు" అన్నాడు. నా తులసికోటా, పూలకుండీలూ జరిపి చోటిచ్చాను.

పిన్నిగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "ఒక్కదాని కొస కాస్త ఎత్తి చూడండి" అన్నాను. రెండంగుళాలు ఎత్తారు. మెల్లిగా దింపేశారు.

మారుమాట్లాడకుండా మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.