తెఱచిన ధమని మరల ఏల పూడును?

హృదయ కండరమునకు రక్తమును కొనిపోవు నాళములను హృదయధమనులందురు. వీని గోడలలో క్రొవ్వు పేరుకొని మార్గము సన్నగిల్లినచో, కండరమునకు చాలినంత ఆక్సిజను అందక గుండెనొప్పి కలుగును. 1977 సెప్టెంబరు 16వ తేదీన జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అను వైద్యుడు సన్నని గొట్టము కొనకు చిన్న బుడగను అమర్చి, మెలకువగానున్న రోగి హృదయధమనిలోనికి పంపి, దానిని ఉబ్బించి మార్గమును వెడల్పు చేసెను. ఱొమ్మును కోయకయే ఈ వ్యాధికి చికిత్స చేయవచ్చునని దీనితో తేలినది.

గాని ఇట్లు తెఱచిన ధమనులలో దాదాపు మూడింట ఒకవంతు ఆరు మాసములలోపల మరల సన్నగిల్లుచుండెను. సాగిన గోడ రబ్బరువలె తిరిగి ముడుచుకొనుట ఇందుకొక కారణము. దీనిని ఆపుటకై 1986లో ఫ్రాన్సులోని టూలూజ్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండులోని లోసాన్‌లో ఉల్రిఖ్ సిగ్వార్ట్ లోహపు జాలగొట్టమును, అనగా స్టెంటును, హృదయధమనిలో నిలిపిరి. 1994లో ప్రకటింపబడిన బెనెస్టెంట్ పరిశోధనలో బుడగను మాత్రమే వాడినవారిలో నూటికి 32 మందికి, స్టెంటు అమర్చినవారిలో 22 మందికి ధమని మరల సన్నగిల్లినది. ముడుచుకొనుట ఆగినను పూడుట ఆగలేదు. ఇట్లేల జరుగును?

చర్మము తెగినచోట ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచుట అందఱెఱిగినదే. దీనిని శోథ అందురు. గాయము మానుటకు ఇది తొలిమెట్టు. బుడగయు, లోహపు తీగలును ధమని లోపలి పలుచని పొరను గాయపఱచును. అచ్చట ప్లేట్లెట్లు చేరును; తెల్ల రక్తకణములు అంటుకొని గోడలోనికి చొచ్చుకొనిపోవును. ఇవి వెలువరించు పదార్థముల ప్రేరణచే గోడ నడిమి పొరలోని నునుపు కండరకణములు విభజన చెంది, లోపలికి వలసవచ్చి క్రొత్తపొరగా పెరుగును. 1990 దశాబ్దిలో కాంప్‌బెల్ రోజర్స్, ఎలైజర్ ఎడెల్‌మన్ కుందేళ్ళపై చేసిన ప్రయోగములలో, తెల్లకణములు ఎక్కువగా చేరినచోట ఈ పొర మందముగా పెరుగుట కనబడినది.

దీనికి మందు ఒక దూరద్వీపపు మట్టినుండి లభించినది. 1964లో కెనడా బృందమొకటి ఈస్టర్ దీవినుండి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవినుండి, మాంట్రియల్‌లో సురేంద్రనాథ్ సెహ్‌గల్, ఆయన సహచరులు 1970 దశాబ్దిలో రాపమైసిన్‌ను వేఱుపఱచిరి. మొదట బూజుజాతి జీవులను చంపు మందుగా పరిశీలింపబడిన ఇది కణవిభజనను అరికట్టునని తరువాత తెలిసినది. ఈ మందు పూసిన స్టెంటును 1999లో బ్రెజిల్‌లోని సావోపాలోలో ఎదువార్దో సౌసా రోగులకు అమర్చెను. 2002లో ప్రకటింపబడిన రావెల్ పరిశోధనలో, ఆరు మాసములు గడచుసరికి మామూలు స్టెంటులు నూటికి 26.6 వంతున సన్నగిల్లగా, మందుపూత గలవానిలో ఒక్కటియు సన్నగిల్లలేదు.

అయితే క్రొత్తపొరను ఆపిన మందే లోపలి పొర మానుటను గూడ ఆలస్యము చేసెను. కప్పబడక మిగిలిన లోహముపై చాలకాలమునకు రక్తము గడ్డకట్టి ప్రాణాపాయము కలిగిన సంఘటనలు 2004 నుండి వెల్లడియైనవి. మందును పట్టియుంచు పూత కొందఱిలో శోథను రేపుటయు కనబడినది. అందుచే తరువాతి స్టెంటులలో తీగలను సన్నము చేసి, శరీరమునకు సరిపడు పూతలను వాడుచున్నారు. రోగులకు కొంతకాలము ప్లేట్లెట్లు గుమిగూడకుండ మందులిచ్చుచున్నారు.

గాయము మానకున్న రక్తము గడ్డకట్టును. అతిగా మానిన మార్గము పూడును. ఈ రెండింటి నడుమ మేరను కనుగొనుటయే ఈ చికిత్స చరిత్ర.