గృహ నెట్‌వర్క్: మోడెమ్, రౌటర్‌ల చారిత్రక నేపథ్యం

1. పరిచయం

లాలాగూడ అనగానే రైల్వే వర్క్‌షాప్ గుర్తుకు వస్తుంది. నిజాం రైల్వే కాలంలో, 1893లో అది ఏర్పడింది. రైలు క్షేమంగా నడవాలంటే ముందు స్టేషన్‌కు సమాచారం ముందే చేరాలి. అందుకే పట్టాల వెంట టెలిగ్రాఫ్ తీగలు, తరువాత టెలిఫోన్ తీగలు వేశారు. సిగ్నల్, టెలికమ్యూనికేషన్ సిబ్బందికి శిక్షణనిచ్చే రైల్వే సంస్థ ‘ఇరిసెట్’ కూడా 1957లో సికింద్రాబాద్‌లోనే ప్రారంభమైంది. అయితే ఇవన్నీ సంస్థల అవసరాలు. ఇదే సౌకర్యం సామాన్యుల ఇళ్లలోకి వచ్చినప్పుడు మోడెమ్, రౌటర్ అనే రెండు పరికరాలు ఎందుకు అవసరమయ్యాయో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

2. మోడెమ్ ఆవశ్యకత

టెలిఫోన్ రాగి తీగను మాటల కోసం రూపొందించారు, కంప్యూటర్ల కోసం కాదు. కంప్యూటర్ సంకేతాలను ఆ తీగకు అనువుగా మార్చి, అవతల మళ్లీ యథారూపానికి తెచ్చేది మోడెమ్. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. డయల్-అప్ పద్ధతిలో ఇంటర్నెట్ వాడుతున్నంతసేపూ ఫోను పనిచేసేది కాదు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని సెకనుకు 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ సేవలు మొదలయ్యాయి. ఏ.డి.ఎస్.ఎల్. పద్ధతిలో మాటలు తక్కువ పౌనఃపున్యంలో, డేటా ఎక్కువ పౌనఃపున్యంలో ప్రయాణిస్తాయి. అందువల్ల ఒకే తీగపై రెండూ ఏకకాలంలో సాధ్యమయ్యాయి.

3. రౌటర్ ఆవశ్యకత

సాధారణంగా ఒక కనెక్షన్‌కు ఒకే ఐపీ చిరునామా లభించేది. ఐపీ నాలుగో వెర్షన్‌లో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. ఈ కొరతకు పరిష్కారంగా 1994లో ‘నాట్’ పద్ధతిని ప్రతిపాదించారు. ఇంట్లోని ప్రతి పరికరానికీ రౌటర్ 192.168తో మొదలయ్యే అంతర్గత చిరునామా ఇస్తుంది. బయటికి మాత్రం అన్నిటి తరఫునా ఒకే చిరునామా చూపుతుంది. 2005 జనవరిలోనే కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అవసరం లేదని ప్రకటించింది. దీనితో ఇళ్లలో వైఫై రౌటర్‌కు దారి సుగమమైంది.

4. అమరిక, బాధ్యతల విభజన

టెలిఫోన్ తీగను స్ప్లిట్టర్ ద్వారా మోడెమ్‌కు, మోడెమ్ నుంచి కేబుల్‌ను రౌటర్ ‘వాన్’ పోర్టుకు కలపాలి. మోడెమ్‌లోనే రౌటర్ కూడా ఉంటే దానిని ‘బ్రిడ్జ్ మోడ్’లో పెట్టి, సంస్థ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లను మన రౌటర్‌లో నమోదు చేయాలి. అలా చేయకపోతే చిరునామాల మార్పిడి రెండుసార్లు జరిగి, బయటి నుంచి ఇంటి కెమెరాను చూడటం వంటి పనులకు ఆటంకం కలుగుతుంది. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను తప్పక మార్చాలి.

రెండూ కలిసిన పెట్టె చౌక, తీగలూ తక్కువ. కాని విడిగా ఉంటే లోపం ఎక్కడుందో తేలికగా తెలుస్తుంది. మోడెమ్ వరకు సేవా సంస్థ బాధ్యత, రౌటర్ నుంచి ఇంటివారి బాధ్యత. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల తరగతులు, పెద్దల ఉద్యోగాలు ఒకే కనెక్షన్‌పై నడిచినప్పుడు ఈ తేడా తెలియడం ఎంత అవసరమో చాలా కుటుంబాలకు అర్థమైంది.

5. సారాంశం

2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ రైలు పట్టాల వెంట ఆప్టికల్ ఫైబర్ వ్యవస్థను నిర్వహిస్తోంది. ఒకప్పుడు టెలిగ్రాఫ్ నడిచిన మార్గమే అది. ఫైబర్ కనెక్షన్‌లో మోడెమ్ స్థానంలో ‘ఓ.ఎన్.టి.’ అనే పెట్టె వచ్చింది. రౌటర్ పని మాత్రం మారలేదు. తీగ మారినప్పుడల్లా మొదటి పెట్టె మారింది. ఇంటి అవసరాలు పెరిగే కొద్దీ రెండో పెట్టె ప్రాధాన్యం పెరిగింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీ ఇంటి కనెక్షన్‌లో సేవా సంస్థ బాధ్యత ఎక్కడ ముగుస్తుంది? మీ బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? పటం గీసి వివరించండి.